చిన్న బ్రూవరీకి ఏ ఫిల్టర్? మన డెల్టా ఎండల్లో కొనేముందు చూసుకోవాల్సినవి

రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు నుంచి చిన్న బ్రూవరీ పెడదామనుకునేవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటేనండి, ఏ ఫిల్టర్ కొనమంటారు అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే, మీ బీరు సీసాలోకి పోసాక ఎక్కడికెళ్తుంది, ఫ్రిజ్‌లోకా లేక షాపులో ర్యాక్ మీదకా అని. చాలామంది దానికి జవాబు చెప్పకుండా, అబ్బే బీరు మెరిసిపోవాలండి, గ్లాసు అవతల వేలు కనపడాలి అంటారు. ఆ మెరుపు ఒక్కదాని కోసమే అయితే ఫిల్టర్ కొనకుండానే చాలా దూరం వెళ్ళచ్చు, నిలవ కోసం అయితే మెరుపు తెచ్చే ఫిల్టర్ ఒక్కటీ సరిపోదు, ఈ రెండిటినీ కలిపేసుకుని మిషన్ కొనేసి బాధపడ్డవాళ్ళని చూసాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. నేను మాట్లాడేది బ్యాచ్‌కి 500 నుంచి 1000 లీటర్లు చేసేవాళ్ళ గురించి. మీ లైసెన్స్ అక్కడికక్కడ గ్లాసులో పోసి అమ్ముకోవడానికేనా, కెగ్‌లకీ (బీరు నింపే స్టీలు పీపాలు) సీసాలకీ కూడా ఉందా అన్నది ముందు కాయితం మీద చూసుకోండి, అక్కడికక్కడే అమ్మేదయితే కింద చెప్పేవాటిలో సగం మీకు అవసరమే పడవు.

మన ఊళ్ళలో మంచినీళ్ళ సంగతి గుర్తు తెచ్చుకుంటే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొచ్చి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే రోజుల్లో గోదారి ఎర్రగా పారుతుంది కదా, మా అమ్మమ్మ ఆ నీళ్ళు కుండలో పోసేముందు కుండ లోపల చిల్లగింజ అరగదీసేది, పొద్దున్నకి మడ్డంతా అడుక్కి దిగి పైన తేట నిలిచేది. ఊరికి నీళ్ళిచ్చే పద్ధతీ దాదాపు అంతే, కాలవ నీళ్ళు ముందు మంచినీళ్ళ చెరువుకి పెడతారు, చెరువులో మట్టి దిగాక ఇసక బెడ్‌ల మీదకి ఎక్కిస్తారు, ఆఖర్న క్లోరిన్ కలుపుతారు. చెరువు పని వేరు, ఇసక బెడ్ పని వేరు, క్లోరిన్ పని వేరు. ఎర్రనీళ్ళు నేరుగా బెడ్ మీదకి వదిలితే బెడ్ పూడిపోద్ది, ఇసక బెడ్ ఉంది కదా అని క్లోరిన్ మానేస్తే జనానికి జ్వరాలొస్తాయి. బీరులోనూ తేర్చడం, వడగట్టడం, చెడిపోకుండా చూడటం అని మూడు వేరువేరు పనులున్నాయి, ఏ డబ్బు ఏ పనికి పెడుతున్నామో తెలిసి పెట్టాలి.

అసలు మసక దేనివల్ల వస్తోందో చూడకుండా ఫిల్టర్ ఎంచుకోవడం జ్వరం ఏదో తెలీకుండా మాత్ర వేసుకున్నట్టేనండి. బీరుని పులియబెట్టే ఈస్ట్ కణం 5 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, చల్లబరిచి ఓపిక పడితే దానంతటదే దిగుతుంది. బీరుని పుల్లగా చేసి పాడుచేసే బ్యాక్టీరియా ఒక మైక్రాన్ అటూఇటూ, కొన్ని అంతకన్నా సన్నం, అవి తేరవు. ఇక చలి మసక అని ఒకటుంది, మాల్ట్‌లోని (అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోని) ప్రోటీన్, మాల్ట్ పొట్టులోంచీ, చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వుల్లోంచీ వచ్చే పాలీఫినాల్ అనే వగరు పదార్థం చల్లగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని పలచటి పాలలా కనపడతాయి, గ్లాసు వెచ్చబడితే మాయమవుతాయి. బీరుని వెచ్చగా ఉండగా వడగడితే ఇవి కరిగిపోయి ఉంటాయి కాబట్టి ఫిల్టర్‌లోంచి హాయిగా దాటేసి ఫ్రిజ్‌లో పెట్టాక మళ్ళీ కనపడతాయి, అందుకే ఏ ఫిల్టర్ అయినా బీరు 0 నుంచి 1 డిగ్రీ దగ్గర ఉన్నప్పుడే నడపాలి. నాలుగోది పిండి మసక, దీని గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్తాను ఎందుకంటే మన వైపు అందరూ బియ్యం వాడాలనుకుంటారు, వాడాలి కూడా.

మారుటేరులో పుట్టిన స్వర్ణ వరి, అదే ఎంటీయూ 7029, దాని నూక మిల్లుల దగ్గర దొరుకుతుంది, బియ్యంలో ప్రోటీనూ పాలీఫినాలూ తక్కువ కాబట్టి లాగర్‌లో (చల్లగా పులియబెట్టే తేటబీరులో) 25, 30 శాతం వేస్తే చలి మసక బాగా తగ్గి బీరు పలచగా శుభ్రంగా వస్తుంది. కానీ బార్లీ పిండి 60, 65 డిగ్రీల్లో విచ్చుకుంటే బియ్యానికి చాలా రకాల్లో 70 దాటాలి. నేను పనిచేసిన ఒకచోట నూకని విడిగా గంజిలా కాచకుండా మాల్ట్‌తోపాటే 65 డిగ్రీల నీళ్ళలో కలిపేసాం, తొందర పని. తయారైన బీరు ఎన్నాళ్ళు చల్లబెట్టినా తేరలేదు, ఫిల్టర్‌కి పెడితే వంద లీటర్లు దిగకముందే షీట్లు మూసుకుపోయాయి, కొత్త షీట్లు మారిస్తే అవీ అంతే, చివరికి ఎవరో అయోడిన్ చుక్క వేసి చూడండి అంటే వేసాం, నల్లగా నీలంగా తిరిగింది. ఉడకని పిండి అది. దానికి ప్రపంచంలో ఏ ఫిల్టరూ జవాబు కాదు, నూకని ముందు మెత్తగా ఉడికించి తర్వాత మాల్ట్‌లో కలపడమే జవాబు. మాష్ రోజున, అంటే మాల్ట్‌ని వేడినీళ్ళలో కలిపే రోజున, అయోడిన్ చుక్క వేసి రంగు మారకపోతేనే ముందుకెళ్ళండి, ఫిల్టర్ ఖర్చులో సగం అక్కడే మిగులుతుంది.

ఇప్పుడు పద్ధతులకొద్దాం. అన్నిటికన్నా ముందున్నది చలి, కాలం. పులిసిన బీరుని 0 డిగ్రీల దగ్గర ఐదు రోజుల నుంచి వారం ఉంచితే ఈస్ట్‌లో ఎక్కువ భాగం దిగిపోద్ది. కణం సైజు సగమైతే దిగే వేగం నాలుగో వంతు అవుతుంది, పొడవాటి ట్యాంకులో కిందకి దిగాల్సిన దూరం ఎక్కువ, కాబట్టి మీ ట్యాంకు సన్నగా ఎత్తుగా ఉంటే ఇంకో మూడు రోజులు వేసుకోండి. ట్యాంకు అడుగునుంచి మడ్డి రోజూ కాస్త కాస్త వదిలేయాలి, ఒకేసారి గట్టిగా వాల్వ్ తిప్పితే మధ్యలోంచి బీరు గొయ్యిలా దిగిపోయి చుట్టూ ఈస్ట్ అలాగే కూర్చుంటుంది. మన దగ్గర ఈ పద్ధతికి అసలు శత్రువు కరెంటు. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి చిల్లర్ (ట్యాంకుల్ని చల్లబరిచే మిషన్) రెండు గంటలు ఆగితే ట్యాంకు గోడల పక్కన బీరు వెచ్చబడి కదలడం మొదలెడుతుంది, ఆ కదలికకి దిగిన మడ్డి మళ్ళీ కలుస్తుంది. ఫిల్టర్‌కి పెట్టే డబ్బులో కొంత తీసి చిల్లర్‌కి జనరేటర్, ట్యాంకులకి మందపాటి ఇన్సులేషన్ పెట్టమని నేను గట్టిగా చెప్తాను, వడగట్టినా వడగట్టకపోయినా ఇది పనికొస్తుంది.

దాని తర్వాత చిల్లగింజ లాంటివి, అంటే తేర్చే మందులు. వీటిల్లో పాతది ఐసింగ్లాస్, చేప గాలితిత్తి నుంచి తీసేది. అంతర్వేది, ఉప్పాడ వైపు కచిడి చేప వలలో పడితే వేలంలో లక్షలు పలుకుతుందని పేపర్లో చూస్తుంటాం కదా, ఆ గిరాకీ అంతా దాని గాలితిత్తికే, వైన్ తేర్చడానికి వాడతారని అక్కడి జాలర్లు కూడా చెప్తారు. బ్రూవరీకొచ్చే పొడి వేరే చేపలది, అంత ఖరీదు కాదు. ఈస్ట్‌ని భలే పట్టుకుంటుంది గానీ కలిపిన ద్రావణం 20 డిగ్రీలు దాటితే పాడైపోద్ది, మన స్టోర్ రూములో దాన్ని బయట పెట్టడం అంటే పారబోయడమే. జెలటిన్ అంత సుకుమారం కాదు, చవక, చలి మసకని కూడా కొంత లాగుతుంది. ఈ రెండూ జంతువులవే, మాంసం ముట్టనివాళ్ళు మీ బీరు తాగుతారు కాబట్టి వాడితే బోర్డు మీద రాయండి, దాచడం తప్పు. నా ఓటు మాత్రం సిలికా సోల్‌కి, బయోఫైన్ క్లియర్ అనే పేరుతో దొరికేది ఇదే, నీళ్ళలా ఉంటుంది, జంతువుల్నుంచి వచ్చేది కాదు, బీరుని ట్యాంకు మార్చేటప్పుడు పైపులోనే కలిపేస్తే 24 నుంచి 48 గంటల్లో తేట వచ్చేస్తుంది. ఇది కాక బ్రూవర్స్ క్లారెక్స్ అని ఒక ఎంజైమ్, ఈస్ట్ వేసే రోజునే వర్ట్‌లో (ఇంకా పులియని మాల్ట్ రసంలో) వేస్తారు, చలి మసకకి కారణమైన ప్రోటీన్‌నే కోసేస్తుంది, అడుగున మడ్డి కూడా పెంచదు. కాచేటప్పుడు చివరి పది నిమిషాల్లో సముద్రపు నాచు బిళ్ళ, ఈస్ట్‌తోపాటు ఎంజైమ్, తర్వాత వారం చలి, ఆఖర్న సిలికా సోల్, ఈ నాలుగూ చేస్తే పది బ్యాచ్‌ల్లో ఎనిమిది బ్యాచ్‌లు చూసేవాళ్ళకి వడగట్టినట్టే ఉంటాయి. ఫ్రిజ్‌లోనే ఉండి నెల లోపు అమ్ముడుపోయే కెగ్ బీరుకి ఇంతకన్నా ఏమీ వద్దు.

ఇక నిజమైన ఫిల్టర్లు.

అందరూ ముందు చూసేది ప్లేట్ ఫిల్టర్, 40 బై 40 సెంటీమీటర్ల షీట్లు వరసగా పెట్టి మర బిగించేది. ధర తక్కువ, సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతుంది, షీటు మారిస్తే చాలు 5 మైక్రాన్ నుంచి అర మైక్రాన్ దాకా ఏ పనికైనా పెట్టుకోవచ్చు. షీటు చదరపు మీటరుకి గంటకి 100 నుంచి 150 లీటర్లు లెక్క వేసుకోండి, 20 షీట్లంటే దాదాపు 3 చదరపు మీటర్లు, వెయ్యి లీటర్లు మూడు గంటలు. ఇప్పటివరకూ బాగానే ఉంది. కష్టం ఏంటంటే షీట్ల అంచులు గాలికి తెరుచుకుని ఉంటాయి, కింద ట్రేలోకి బీరు చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటుంది, బీరు బయటికి కారే చోట ఆక్సిజన్ లోపలికి వెళ్ళడానికీ దారి ఉంటుంది, పైపులో ఒత్తిడి ఉంది కదా లోపలికెలా వెళ్తుంది అనుకోకండి, వెళ్తుంది. నేనూ ఇలాంటిదే ఒకటి మూడేళ్ళు నడిపాను, వడగట్టిన రోజు బీరు అద్దంలా ఉండేది, మూడు వారాలకి మూత తీస్తే తడిసిన అట్టపెట్టె వాసన, అదే బ్యాచ్‌లో వడగట్టకుండా పక్కన పెట్టిన కెగ్ మాత్రం శుభ్రంగా ఉండేది. అప్పుడు తెలిసింది మెరుపు కోసం రుచిని అమ్ముకున్నామని. పైగా ఆ షీట్ల అంచులకి బూజు పట్టకుండా చూడటం మన తడి గాలిలో రోజుకో యుద్ధం.

అదే షీటు సరుకుని గుండ్రటి చక్రాల్లా కుట్టి స్టీలు డబ్బాలో మూసిపెట్టినది లెంటిక్యులర్ ఫిల్టర్. చిన్న బ్రూవరీ నన్ను ఒక్క ఫిల్టర్ పేరు చెప్పమంటే ఇదే చెప్తాను. మూసిన డబ్బా కాబట్టి కారదు, గాలి తగలదు, ముందుగా సీఓటూ గ్యాస్‌తో డబ్బా నింపి గాలి తోసేయచ్చు, 80, 85 డిగ్రీల నీళ్ళతో అరగంట వేడి చేసి శుద్ధి చేయచ్చు, బ్యాచ్ అయ్యాక గోరువెచ్చటి నీళ్ళు ఎదురుగా నెమ్మదిగా పంపి కడిగితే ఒక మాడ్యూల్ (ఆ చక్రాల దొంతర) కొన్ని బ్యాచ్‌లకి వస్తుంది. షీట్ల కన్నా మాడ్యూల్ ఖరీదు ఎక్కువే, కానీ ఒకడే మనిషి నడపగలడు, బీరు తరుగు తక్కువ. రెండు జాగ్రత్తలు, ముందూ వెనకా ప్రెషర్ గేజ్‌ల తేడా తయారీదారు చెప్పిన హద్దు దగ్గరకొస్తుంటే ఇంకో యాభై లీటర్లు లాగేద్దాం అని పంపు స్పీడ్ పెంచకండి, పట్టుకున్న ఈస్టంతా ఒక్కసారి అవతలకి వదిలేస్తుంది. రెండోది, మధ్యలో పంపు ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఆ కుదుపుకి మళ్ళీ మసక వస్తుంది, కాబట్టి పని మొదలెట్టేముందు కరెంటు, బ్రైట్ ట్యాంకు (వడగట్టిన బీరు పట్టేది), సీఓటూ సిలిండరు మూడూ చూసుకుని కూర్చోవాలి.

కడిగే నీళ్ళ గురించి ఒక మాట. భీమవరం దాటి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పు, కొన్నిచోట్ల ఇనుము కూడా ఉంటుంది, ఆ నీళ్ళతో ఫిల్టర్ తడిపితే ఇనుము షీటులో కూర్చుని తర్వాత బీరులోకి దిగి పాతబడటాన్ని తొందర చేస్తుంది. ఆర్ఓ నీళ్ళే వాడండి, కొత్త షీటు అయినా మాడ్యూల్ అయినా కాయితం రుచి పోయేదాకా కడగండి, వాసన చూసి కాదు, ఆ నీళ్ళు నోట్లో పోసుకుని చూడాలి.

ఆర్ఓ అంటే గుర్తొచ్చింది, మన దగ్గర ఊరూరా వాటర్ ప్లాంట్లున్నాయి కదా, ఆ నీలం ప్లాస్టిక్ డబ్బా, దారం చుట్టిన 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్ ఏ షాపులోనైనా దొరుకుతాయి, దాంతో బీరు వడగట్టేయచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దండి. ఆ డబ్బాని వేడి నీళ్ళతో శుద్ధి చేయలేరు, ఆ దారంలో దాక్కున్న బ్యాక్టీరియా తర్వాతి బ్యాచ్‌లోకి వస్తుంది. ఇంకోటి, దాని మీద రాసిన 5 మైక్రాన్ అన్నది నామినల్, అంటే అంతకన్నా పెద్దవాటిలో చాలావరకు ఆపుతుందని మాత్రమే, ఎంతవరకు అన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేసుకుంటుంది. అబ్సల్యూట్ అని రాసుంటే ఆ సైజు దాదాపు పూర్తిగా ఆగినట్టు పరీక్ష చేసి ఇచ్చింది. ధర తేడా అక్కడే వస్తుంది, బిల్లు మీద ఏది రాసారో చూసుకుని డబ్బులివ్వండి.

పెద్ద బ్రూవరీలు దశాబ్దాల తరబడి వాడేది డయాటమ్ మట్టి, కీసెల్గూర్ అంటారు, నీటి నాచు జీవుల గుల్లలు పేరుకుని ఏర్పడ్డ తెల్ల పొడి. ముందు జల్లెడ మీద పొర కట్టించి, తర్వాత బీరుతోపాటు పొడి కొంచెం కొంచెం కలుపుతూ పోతే ఆ పొర మందం పెరుగుతూ మూసుకుపోకుండా గంటల తరబడి నడుస్తుంది. లీటరు లెక్కన చూస్తే చవక, మెరుపు కూడా గొప్పగా వస్తుంది. కానీ చిన్నవాళ్ళకి నేను ఇది వద్దంటాను, ఖర్చు వల్ల కాదు, మనిషి వల్ల. వేడిలో కాల్చిన ఆ పొడిలో స్ఫటిక సిలికా ఉంటుంది, పీలిస్తే ఊపిరితిత్తుల్లో దిగి సిలికోసిస్ వస్తుంది, స్ఫటిక సిలికా దుమ్ము క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో ఉంది. మూతికి తువ్వాలు కట్టుకుని బస్తా విప్పే కుర్రాడిని చూసాను నేను, తువ్వాలు దానికి అడ్డం కాదు. సరైన మాస్కు, పొడి లాగే ఫ్యాను, తడి మడ్డి పారేయడానికి అనుమతున్న చోటు, ఇవన్నీ పెట్టగలిగేవాళ్ళే దాని జోలికెళ్ళాలి. పక్క కాలవలో పారబోస్తే చేపల చెరువులవాళ్ళకి సమాధానం చెప్పుకోవాలి.

సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి మడ్డి విడదీసేది), క్రాస్‌ఫ్లో (బీరుని ఫిల్టర్ పొర పక్కనుంచి పారిస్తూ వడగట్టేది) రెండూ మంచివే, ఈ సైజుకి పెద్దవి. సెంట్రిఫ్యూజ్ హాప్స్ ముద్దలోంచి బీరు లాగి తరుగు తగ్గిస్తుంది గానీ చలి మసకనీ బ్యాక్టీరియానీ పట్టదు. క్రాస్‌ఫ్లో అర మైక్రాన్ దగ్గర పొడి లేకుండా వడగడుతుంది, కడగటానికి నేర్పున్న మనిషి కావాలి. నెలకి పాతిక ముప్పై వేల లీటర్లు దాటినప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం.

ఇప్పుడు అసలు తగువు: ర్యాక్ మీద నిలవుండాల్సిన సీసా. ఏలూరు షాపులో ఏసీ లేకుండా 38 డిగ్రీల్లో రెండు నెలలు నిలబడాలంటే 1 మైక్రాన్ మెరుపు చాలదు. రెండు దారులున్నాయి. ఒకటి 0.45 మైక్రాన్ మెంబ్రేన్ (సన్నటి రంధ్రాల పలచటి పొర) కార్ట్రిడ్జ్, ఈస్టూ బ్యాక్టీరియా రెండూ ఆగుతాయి, వేడి తగలదు కాబట్టి రుచి అలాగే ఉంటుంది. కానీ దాని ముందు లెంటిక్యులర్ లాంటిది తప్పనిసరి, లేకపోతే ఎర్రనీళ్ళు ఇసక బెడ్ మీదకి వదిలినట్టే. ప్రతి బ్యాచ్ ముందూ తర్వాతా మెంబ్రేన్‌కి చిల్లు పడలేదని ఒత్తిడి పరీక్ష చేయాలి, అంతకన్నా ముఖ్యం, దాని తర్వాత వచ్చే ట్యాంకు, పైపు, ఫిల్లర్, సీసా, మూత అన్నీ శుద్ధిగా ఉండాలి, సీసా నింపే గదిలో ఈగ ఒక్కటి తిరిగినా మీరు పెట్టిన ఖర్చంతా వృథా. రెండో దారి పాశ్చరైజేషన్, మూత వేసాక సీసాలని వేడి నీళ్ళ తొట్టిలో పెట్టి లోపలి బీరు 60 డిగ్రీలకి చేరాక 15, 20 నిమిషాలు ఉంచడం. 60 డిగ్రీల్లో ఒక నిమిషం అంటే ఒక పీయూ (పాశ్చరైజేషన్ యూనిట్), మామూలు లాగర్‌కి 15 నుంచి 30 చాలు. సీసాలో పైన ఖాళీ సరిగా వదలాలి, లేకపోతే పగులుతాయి, సీసాలని ఒక్కసారిగా వేడిలో గానీ చల్లనీళ్ళలో గానీ పెట్టకూడదు. మొరటు పద్ధతిలా కనపడుతుంది గానీ చేయి తిరగని టీమ్‌కి మెంబ్రేన్ కన్నా ఇది నమ్మకం, ఎందుకంటే మూత పడ్డాక జరిగే శుద్ధి ఇది, తర్వాత ఏదీ లోపలికి రాలేదు. కాకపోతే సీసాలో ఆక్సిజన్ ఉంటే ఆ వేడికి అట్టవాసన ఇంకా తొందరగా వస్తుంది, ఆక్సిజన్ 50 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 50) లోపు ఉంచగలిగితేనే దీనికి దిగండి, ఆ మీటర్ కొనలేకపోతే అద్దెకైనా తెచ్చుకోండి.

వడగట్టకూడనివీ ఉన్నాయి. గోధుమ బీరు మసకే దాని అందం. హేజీ ఐపీఏని (హాప్స్ ఎక్కువ వేసి మసకగానే ఉంచే బీరుని) ఫిల్టర్‌కి పెడితే హాప్స్ నూనెల వాసన షీటులో ఉండిపోద్ది, మామూలు ఐపీఏకి కూడా చలి, సిలికా సోల్ చాలంటాను. స్టౌట్ నల్లగా ఉంటుంది, మెరుపు ఎవరికి కనపడుతుంది చెప్పండి. సీసాలోనే చక్కెర వేసి గ్యాస్ పట్టించేవాళ్ళకి ఈస్ట్ బతికుండాలి, దాన్ని తీసేస్తే బీరు చప్పగా చచ్చిపోయి ఉంటుంది. ఫిల్టర్ అవసరం నిజంగా ఉన్నది మన బియ్యం లాగర్‌కీ, పిల్స్‌నర్ అనే లేత రంగు లాగర్‌కీ.

కాబట్టి మా బావమరిది అమలాపురంలో అడిగినప్పుడు నేను చెప్పిన లెక్క ఇది. మొదటి ఏడాది ఫిల్టర్ కొనకు, చిల్లర్, జనరేటర్, మైక్రోస్కోప్ కొను, చలీ సిలికా సోల్‌తో నడుపు, మిల్లీలీటరుకి ఈస్ట్ పది లక్షల లోపుకి దిగుతోందో లేదో ప్రతి బ్యాచ్ లెక్కపెట్టు. కెగ్‌లు కాకినాడ దాటి వెళ్ళడం మొదలైతే లెంటిక్యులర్ తీసుకో. సీసాలు ఎండలోకి వెళ్ళే రోజు వస్తే అప్పుడు దాని వెనకాల తొట్టి పాశ్చరైజర్ పెట్టు.

ఏది ఎంచుకున్నా డబ్బు కట్టేముందు ఒక పరీక్ష చేయండి. ఫిల్టర్ అమ్మేవాళ్ళని డెమో మిషన్ అడిగి మీ బీరే, మీ ట్యాంకులోంచే 50 లీటర్లు వడగట్టించండి. అదే బ్యాచ్‌లో వడగట్టనివి ఆరు సీసాలు, వడగట్టినవి ఆరు సీసాలు నింపి సగం ఫ్రిజ్‌లో, సగం వంటింటి అటక మీద పెట్టండి. మూడు వారాల తర్వాత అన్నీ ఒకే చలికి తెచ్చి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో నలుగురికి పోసి, ఏది బాగుందో రాసిమ్మనండి.